గేటక్క లాఠీ, పాచి తినే చేపలు

గేటక్కకి నోటికంటే చెయ్యి ముందు. ఆసుపత్రిలో ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. ఆమె ఉద్యోగం అత్యవసర విభాగం తలుపు దగ్గర కాపలా. ఆ తలుపు దగ్గరికి నవ్వుకుంటూ వచ్చేవాళ్లు ఎవరుంటారు? తల పగిలినవాడు వస్తాడు. వాడి వెనకే పగలగొట్టినవాడు వస్తాడు. ఇద్దరి వెనకా ఇద్దరి చుట్టాలూ వస్తారు. రోడ్డు మీద మొదలుపెట్టిన కొట్లాట లోపల మంచాల మధ్య పూర్తి చేద్దామని చూస్తారు. ఓసారి కత్తిపోటు తిన్నవాడికి కుట్లు వేస్తుంటే, పొడిచినవాడు మిగిలిన పని కానిచ్చేద్దామని వెనక కిటికీ ఎక్కాడు. గేటక్క వాడి చీలమండ దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. గడ్డం కిటికీ చట్రానికి కొట్టుకుని ముందుపళ్లు రాలాయి. వాటిని ఏరి కాగితంలో పొట్లం కట్టి వాడి చొక్కా జేబులో పెట్టింది. "నీ సామాను నీకే" అంది.

కొట్టడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. దెబ్బలు చూస్తూ పెరిగింది, అంతే. తండ్రి తాగొచ్చి తల్లిని బెల్టుతో బాదేవాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, ఆ తల్లి మరీ మెత్తన. బడికెళ్లే వయసులోనే ఒకరోజు గేటక్క తలుపు గడియకర్ర ఊడబీకి తండ్రి మోకాలి చిప్ప మీద వేసింది. ఆయన పోయేదాకా కుంటుతూనే నడిచాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో బెల్టు నడుముకే ఉండేది. పెళ్లయిన కొత్తలో మొగుడు ఒక్కసారి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించడానికి అతనికి ఎముకల డాక్టరు కావాల్సొచ్చింది. మళ్లీ అతను ఆమె గుమ్మం తొక్కలేదు. ఆమె కూడా రమ్మనలేదు. తల్లిని తెచ్చుకుని, రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఈ ఉద్యోగంలో చేరింది. "నా చేతి దురదకి జీతం ఇస్తున్నారమ్మా" అని తల్లితో అనేది.

అత్యవసర విభాగం ముందు హాల్లో, బల్లల వరసకి ఎదురుగా, ఒక చిన్న చేపల తొట్టె ఉండేది. చేపల్ని చూస్తూ కూర్చుంటే మనుషులకి కోపం తగ్గుతుందని పెద్ద డాక్టరు ఎక్కడో చదివి పెట్టించాడు. పెట్టించడం వరకే ఆయన శ్రద్ధ. కొన్నాళ్లకి అద్దాల మీద ఆకుపచ్చ పాచి పట్టి, లోపల చేపలున్నాయో పీచు ముక్కలు తేలుతున్నాయో తెలియకుండా పోయింది. కోపం తగ్గడం మాట దేవుడెరుగు, ఒకడు కోపమొచ్చి ఆ అద్దాన్నే గుద్దాడు. గేటక్క వాడి వీపు చీరేసింది. అది చూసిన ముసలి ఆయా నడుం మీద చేతులు పెట్టుకుని, "కొట్టి కాపాడినదానివి, కడిగి కూడా కాపాడు" అంది. ఆ మాట పట్టుకుని తొట్టె గేటక్క మెడకి చుట్టుకుంది.

ఆసుపత్రి ఎదురు సందులో రంగు చేపల కొట్టుంది. దాన్ని నడిపేవాణ్ణి అందరూ బుడగలబ్బాయి అనేవాళ్లు. ముప్పై దాటినా అబ్బాయే. బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా ఎప్పుడూ తడే. గేటక్క వెళ్లి, "పాచి తినే చేప ఇవ్వు" అంది. అతను ఏమాత్రం ఆలోచించకుండా బంగారు రంగు చేపను వలతో తీసి సంచిలో వేశాడు.

"ఇది అడుగునే ఉంటుందక్కా. నాకి నాకి అద్దాన్ని తళతళలాడిస్తుంది. తీసుకెళ్లు."

మొదట్లో నాకిన మాట నిజమే. అద్దం తేటపడింది, లోపల రెండు వెడల్పాటి వెండి చేపలు కనబడ్డాయి, జనం మెచ్చుకున్నారు. కానీ బంగారు చేప ఒళ్లు చేసేకొద్దీ దానికి పాచి రుచించడం మానేసింది. ఒకరోజు పొద్దున్న డ్యూటీ ఎక్కుతూనే గేటక్క చూసింది. అది వెండి చేప పక్కటెముకలకి మూతి అతికించి గీకుతోంది. వెండి చేప అద్దానికేసి కొట్టుకుంటోంది, విదిలించుకుంటోంది, ఇది వదలదు. పొలుసులు ఊడి, కింద ఎర్రగా పచ్చిమాంసం తేలింది. గేటక్క చెయ్యి పెట్టి లాగేలోపే ఆ చేప వెల్లకిలా పడింది. రెండోదానికి అప్పటికే ఒక కన్ను లేదు.

చచ్చిన చేపను అరచేతిలో పెట్టుకుని గేటక్క సందులోకి వెళ్లింది. బుడగలబ్బాయి కాలరు పట్టుకుని, అతని తలను ఎదురుగా ఉన్న పెద్ద తొట్టెలో ముంచింది. పైకి లేపి చచ్చిన చేపను చూపించింది. మళ్లీ ముంచింది. అతను రెండోసారి పైకి లేచి దగ్గుతుండగా, గేటక్క వీపు మీద ధడేలుమని దెబ్బ పడింది. వెనక్కి తిరిగితే, చేపల వల పట్టే కర్ర ఎత్తి పట్టుకుని ఒక పొట్టి ఆడమనిషి. బుడగలబ్బాయి పెళ్లాం.

"మా ఆయన్ని ముంచడానికి నువ్వెవరు? ముంచితే నేను ముంచాలి!"

గేటక్కని ఎదురు కొట్టిన మనిషి ఆ చుట్టుపక్కల అంతవరకూ లేరు. ఆమెకి నవ్వొచ్చింది. చేపను బల్ల మీద పెట్టి సంగతి చెప్పింది. ఆ ఇల్లాలు చేపను అటూ ఇటూ తిప్పి చూసి, మొగుడి తడితల మీద అదే కర్రతో చిన్నగా మొట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాను? ఆ బంగారువి చిన్నప్పుడే మంచివి, పెరిగితే పక్కవాటి ఒంటిమీది జిగురు తింటాయని. ఈయనకి కదిలేదల్లా అమ్ముడుపోవాలి వదినా. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం."

మొగుడు అక్కా అన్నాడు కాబట్టి తాను వదినా అంది. ఆ పిలుపు అలాగే నిలిచిపోయింది.

ఆ రోజు ముగ్గురూ కొట్టంతా తిరిగారు. "మరి అద్దానికి మూతి అతికించుకున్న ఈ పెద్దరకం సక్కర్ చేప?" అని గేటక్క అడిగితే మరదలు తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు వేలంత ఉంది. రేపు నీ మోచెయ్యంత అవుతుంది. మీ తొట్టెలో వెనక్కి తిరగాలన్నా తోక మడత పెట్టుకోవాలి." కోరీ చేపలు ముద్దుగా ఇసుకలో మూతులు పెట్టి వెతుక్కుంటున్నాయి. "ఇవీ అడుగు చేపలే గానీ పాచి ముట్టవు, పైనుంచి పడ్డ మేత ఏరుకుంటాయి. పాచి తింటాయని అమ్మేవాళ్లున్నారులే" అంటూ మొగుడి వైపు చూసింది. అతను తల తుడుచుకునే వంకతో మొహం తువ్వాలులో దాచుకున్నాడు.

"పోనీ ఓటోలు తీసుకో."

"ఆటోలా? తొట్టెలో ఆటోలేంటే?"

"ఆటోలు కాదు, ఓటోలు! ఇవిగో, ఈ పుల్లల్లాంటివి. గుంపుగా ఉండాలి, పాచి బాగా పట్టిన పాత తొట్టె కావాలి. కొత్త నీళ్లలో వేస్తే ఆకలితో చస్తాయి. మీది పాతదే కాబట్టి పరవాలేదు. వాటికి తోడు ఇదొకటి."

మీసాల సక్కర్‌ను చూపించింది. చిన్న చేప. నల్లగా, మొహం నిండా కండ ముళ్లతో, అప్పుడే కొట్లాడి వచ్చినట్టుంది. అరచెయ్యి దాటి పెరగదట. పగలు కర్రముక్క కింద దూరి, సందడి తగ్గాక పాచి గీక్కుంటుందట. "ఒకటే పెట్టు. రెండు మగవైతే పొడుచుకుంటాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

"నా మొహంలాగే ఉంది. ఇదే ఇవ్వు" అంది గేటక్క.

ఓటోల్లో కొన్ని చచ్చాయి, మిగిలినవి నిలదొక్కుకున్నాయి. అద్దాలు తేటపడ్డాయి. మధ్యాహ్నాలు కొట్టులో బేరం లేనప్పుడు మరదలు కీరా ముక్కలు కోసుకుని వచ్చేది, మీసాలదానికి మేతగా. ఒక ముక్క తొట్టెలో వేసి, మిగిలినవి వదినామరదళ్లు ఉప్పు అద్దుకుని తినేవాళ్లు. గేటక్క మధ్యలో లేచి ఎవడినో మెడబట్టి బయటికి గెంటి వచ్చి, మళ్లీ అదే ముక్క అందుకునేది. "నీ చేతులతో ఎప్పుడో ఎవణ్ణో చంపేస్తావు వదినా" అనేది మరదలు. "చంపను. కొలత తెలుసు నాకు" అనేది గేటక్క.

అలా సంవత్సరం పైనే గడిచింది.

ఒకనాటి పొద్దున్న బస్సు బోల్తా పడింది. అత్యవసర విభాగం కబేళాలా ఉంది. మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు. కాళ్లు నుజ్జయినవాళ్లు, పొట్టలోకి ఇనప ముక్క దిగినవాళ్లు. రక్తంలో చెప్పులు జారుతున్నాయి. డ్యూటీ డాక్టరమ్మ చిన్నవయసు పిల్ల. ఒక్కతే అటూ ఇటూ పరిగెడుతోంది. సరిగ్గా అప్పుడే బుడగలబ్బాయి పెళ్లాన్ని భుజానికి ఆనించుకుని వచ్చాడు. పొట్టలో నొప్పి, వాంతులు. డాక్టరమ్మ రెండు ప్రశ్నలు అడిగింది, దూరం నుంచే. "గ్యాసు. ఇంజెక్షన్ వేసి పంపండి" అని నర్సుకి చెప్పి, కాలు తెగినవాడి దగ్గరికి వెళ్లిపోయింది.

వెళ్తూ వెళ్తూ మరదలు నడుం నిలపలేక చేపల తొట్టె బల్ల పట్టుకుని ఒంగిపోయింది. గేటక్క చూసింది. ఇన్నేళ్లుగా ఆ తలుపు దగ్గర ఎన్ని నొప్పులు చూసిందో. వెళ్లి డాక్టరమ్మ పక్కన నిలబడింది.

"డాక్టరమ్మా, ఇంకొక్కసారి చూడండి. పొట్ట నొక్కి చూడండి. మనిషి నిటారుగా నిలబడలేకపోతోంది."

"చూశాను కదా! కనబడటం లేదా ఇక్కడ ఎలా ఉందో? నువ్వు గేటు చూసుకో!"

గేటక్క తిరిగి వచ్చింది. "పోనీలే వదినా, పడుకుంటే అదే తగ్గుతుంది" అంది మరదలు, పళ్లు బిగబట్టి. మొగుడు పెళ్లాన్ని తీసుకెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం తోపుడుబండి మీద తీసుకొచ్చారు. పొట్ట చెక్కలా బిగుసుకుంది. ఒళ్లు నిప్పు, మాట లేదు. పెద్ద డాక్టరే కోశాడు. లోపల పేగు కొస, అదే అపెండిక్సు, పగిలి చీము పొట్టంతా నిండిపోయిందట. బల్ల మీదే ప్రాణం పోయింది.

కబురు వినగానే ఆమె తమ్ముళ్లిద్దరూ వచ్చారు. మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, మెడలు ఎద్దు మెడల్లా ఉంటాయి. వాళ్ల వెనక సందు సందంతా కదిలింది. గేటక్కతో పాటు ఉండాల్సిన రెండో కాపలావాడు ఆ గుంపును చూస్తూనే గోడ దూకాడు. గేటక్క మందుల గది తలుపుకి అడ్డంగా నిలబడి లాఠీ రెండు చేతుల్తో పట్టుకుంది. ఆమె వెనక ఆ గదిలో డ్యూటీ డాక్టరమ్మ గడియ వేసుకుని కూర్చుంది.

"ఏదీ ఆ డాక్టరుది? బయటికి లాగండి!"

పెద్ద తమ్ముడు ముందుకొచ్చాడు. గేటక్క లాఠీ అడ్డంగా తిప్పి వాడి ముక్కు మీద వేసింది. ముక్కెముక పటుక్కుమంది, మొహమంతా రక్తం. వాడు ఆగలేదు. ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. కళ్ల ముందు చీకటి కమ్మింది. మోకాలెత్తి పొత్తికడుపులో పొడిస్తే అప్పటికి వదిలాడు. ఎవరో ఆమె భుజం కొరికారు. ఎవరో వెనక నుంచి కాళ్లు లాగారు. చిన్న తమ్ముడు ఇనప కుర్చీ ఎత్తి గిరగిరా తిప్పి విసిరాడు. అది చేపల తొట్టెకి తగిలింది.

తొట్టె భళ్లున పగిలింది. నీళ్లు హాలంతా ఉరికాయి. చేపలు గచ్చు మీద ఎగిరెగిరి పడుతుంటే, తోసుకొస్తున్న జనం కాళ్ల కింద చితికిపోయాయి. ఒకడు చేప మీద కాలేసి జారి, అద్దం ముక్కల మీద పడి అరచెయ్యి రెండుగా చీల్చుకున్నాడు. వాడి అరుపుకి గుంపు ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. ఆ సందులోంచి బుడగలబ్బాయి వచ్చాడు.

అతని చేతిలో నీళ్ల గొట్టం ఇనపముక్క. చొక్కా పొడిగా ఉంది. అతన్ని పొడి చొక్కాలో గేటక్క అదే మొదటిసారి చూడటం.

"తమ్ముడూ, ఆగు."

"అడ్డు లే అక్కా."

"లేవను. లోపలికి వెళ్తే నువ్వు మనిషిని చంపుతావు."

"చంపడానికే వచ్చాను. నిన్న నువ్వు చెప్పలేదా? పొట్ట చూడమని నువ్వే చెప్పలేదా? విందా అది? నీకు తెలుసు! నీకు తెలిసీ అడ్డు నిలబడుతున్నావు!"

"తెలుసు" అంది గేటక్క. కానీ కదల్లేదు.

అతను గొట్టం ఎత్తి కొట్టాడు. తలకి తగలబోతే ఆమె ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి కింద ఎముక రెండయింది. చెయ్యి వేలాడిపోయింది. అతను మళ్లీ ఎత్తాడు, ఈసారి తలుపు మీదికి. చెక్క తలుపు ఒక్క దెబ్బకి చీలింది. లోపల డాక్టరమ్మ కేక పెట్టింది. గేటక్క ఒంటి చేత్తో లాఠీ వేసింది, అతని కుడి మణికట్టు మీద. అతను గొట్టం వదల్లేదు. రెండోసారి వేసింది. ఈసారి చప్పుడు వినిపించింది. గొట్టం గచ్చు మీద పడి దొర్లింది. అతను దాని వెనకే పడ్డాడు, నీళ్లలో, అద్దం ముక్కల్లో, మోకాళ్ల మీద. నొప్పికి కాదు, పెళ్లాం పేరు పెట్టి అరిచాడు.

అప్పుడొచ్చారు పోలీసులు. రావడం రావడం కింద పడి ఉన్నవాణ్ణే కొట్టడం మొదలుపెట్టారు. బూటు కాలితో పక్కటెముకల్లో తన్నారు, లాఠీలతో వీపు మీద బాదారు. "చాలు! పడిపోయాడు, చాలు!" అని గేటక్క అరిచింది. ఎవరూ వినలేదు. ఆమె అతని మీదికి ఒరిగింది. రెండు లాఠీ దెబ్బలు ఆమె వీపు మీద పడ్డాక గానీ వాళ్లకి తెలిసిరాలేదు, కింద ఉన్నది ఎవరో, పైన ఉన్నది ఎవరో.

హాలు ఊడుస్తుంటే బల్ల కింద మీసాల చేప కొనఊపిరితో దొరికిందని ఆయా చెప్పింది. బకెట్లో వేసిందట.

చేతికి కట్టు కట్టించుకుని, రెండ్రోజులకి గేటక్క స్టేషన్‌కి వెళ్లింది, జరిగింది చెప్పమంటే. కటకటాల వెనక అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి కట్టు. పెళ్లాం అంత్యక్రియలకి పోలీసుల మధ్య తీసుకెళ్లి మళ్లీ తెచ్చి పడేశారట. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"కొట్టు తాళం ఎక్కడుంది?" అని అడిగింది.

అతను ఆమె కాళ్ల దగ్గర ఉమ్మాడు.

"నన్ను ఏమైనా అనుకో. చేపలకి గాలి లేదు, మేత లేదు. తాళం ఎక్కడ?"

అతను గోడ వైపు తిరిగి అన్నాడు: "పగలగొట్టు. నీకు అలవాటేగా."

సుత్తి తీసుకెళ్లి పగలగొట్టింది. తలుపు తియ్యగానే కంపు కొట్టి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రోజు గొడవలో ఎవరో కరెంటు ఆపేసి తాళం వేసి వెళ్లారు. గాలి మోటార్లు ఆగిపోయి, పెద్దవి ముందు చచ్చాయి. చచ్చినవాటిని బతికున్నవి పీకి తింటున్నాయి. ఒక తొట్టెలో బంగారు చేపలు రెండు, ప్రాణం ఉన్న చేపకి రెండు పక్కలా అతుక్కుని గీకుతున్నాయి. గేటక్క ఒళ్లు మండిపోయింది. వలతో వాటిని తీసి, ఒకదాన్ని గోడకేసి కొట్టింది. అది గోడకి అంటి జారింది. రెండోదాన్ని ఎత్తింది.

"వాటిదేం తప్పు? ఆకలి."

గుమ్మంలో ఒక ముసలామె నిలబడింది. చనిపోయినామె తల్లి. కూతురి బట్టలు తీసుకెళ్దామని వచ్చింది, వెనక గదిలో ఉన్నాయి. గేటక్క చేతిలోని చేపను వేరే తొట్టెలో వదిలేసింది. ముసలామె లోపలికి వచ్చి ఆమె మొహం పోల్చుకుంది. కాలి చెప్పు తీసింది.

"నా కూతుర్ని చంపినదానికి కాపలా కాశావు కదే! నా అల్లుడి చెయ్యి విరిచావు కదే!"

చెంప మీద, మెడ మీద, కట్టు కట్టిన చేతి మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. కట్టు మీద దెబ్బ పడినప్పుడు గేటక్కకి కళ్లు తిరిగాయి. కుడిచెయ్యి దానంతట అదే పిడికిలి అయింది. జేబులో దూర్చుకుంది. ముసలామె కొట్టి కొట్టి ఆయాసంతో వెనక్కి తూలితే, తొట్టెల బల్ల మీద పడకుండా పట్టుకుంది.

"ఇంకా కొట్టాలంటే కొట్టు పిన్నీ. కానీ ఇటు జరిగి కొట్టు. ఆ తొట్టె పడితే మిగిలినవీ పోతాయి."

ముసలామె నేల మీద కూలబడి గొంతు పగిలేలా ఏడ్చింది. గేటక్క ఒంటిచేత్తో చచ్చినవాటిని బకెట్లోకి తోడుతూ ఉండిపోయింది. కాసేపటికి ముసలామె ముక్కు చీది, లేచి, రెండో బకెట్ అందుకుంది.

కోర్టులో కేసు నడిచింది. సాక్ష్యానికి ముందు ఆసుపత్రి మేనేజరు గేటక్కని గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. ఆ గదిలో ఆమెకి కుర్చీ వేయడం అదే మొదలు. "దాడి గురించి అడుగుతారు. దాడి గురించే చెప్పు. ముందు రోజు సంగతి నిన్నెవరూ అడగరు" అన్నాడు.

గేటక్క బోనెక్కి చెప్పింది. "కొట్టాడు. నేనూ కొట్టాను. నేను అడ్డు లేకపోతే డాక్టరమ్మను చంపేసేవాడే, అది నిజం. ముందు రోజు డాక్టరమ్మ ఆ మనిషి పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యమని నేను అడిగాను. అదీ నిజం." వకీలు ఆపబోయాడు. న్యాయమూర్తి చెప్పనిచ్చాడు.

బుడగలబ్బాయికి జైలు శిక్ష పడింది, గేటక్క సాక్ష్యం వల్ల పడాల్సినంత పడలేదని అందరూ అన్నారు. బావమరుదులకి ఇంకా తక్కువ. డాక్టరమ్మ మీద విచారణ వేశారు, కొన్నాళ్లు వైద్యం చెయ్యకూడదన్నారు. గేటక్క ఉద్యోగం సాక్ష్యం చెప్పిన వారమే పోయింది. సామాను తీసుకుని బయటికి వస్తుంటే డాక్టరమ్మ మెట్ల దగ్గర ఎదురైంది. ఏడుస్తోంది. "ఆ రోజు బస్సువాళ్లు నా చేతుల్లో చచ్చిపోతున్నారు. నీకు తెలుసు కదా" అంది.

"తెలుసు డాక్టరమ్మా. ఆ రక్తం కడిగింది మేమే" అంది గేటక్క. మెట్లు దిగిపోయింది.

అతను జైల్లో ఉన్నన్నాళ్లూ కొట్టును గేటక్కా, ముసలామే నడిపారు. కలిసి నడిపారంటే నవ్వుతారు. పొద్దున్న షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా తిట్లే. "విరగ్గొట్టే చేతులకి వల పట్టడం ఏం వస్తుంది?" అని ముసలామె, "నోరు మూసుకుని మేత వెయ్యి" అని ఈమె. గాజుగిన్నెలో పెద్ద సక్కర్ పెడతానని ఒకాయన వస్తే, గేటక్క ఆయన ఆఫీసు సంచి లాక్కుని, "ఇందులో పడుకోగలవా నువ్వు? చూపించు" అని నిలదీసింది. ఆయన చేప మానేసి నత్తలు పట్టుకుని వెళ్లాడు. కూతురు చెప్పినవన్నీ ముసలామెకి గుర్తున్నాయి, ఏది ఎంత పెరుగుతుంది, ఏది దేన్ని తింటుంది. మాట మధ్యలో "అదే చెప్పేది" అని ఆగిపోయేది. అప్పుడు మాత్రం గేటక్క తిట్టేది కాదు.

అతను విడుదలై తిన్నగా కొట్టుకే వచ్చాడు. చిక్కిపోయాడు. కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. తొట్టెలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు. నీళ్లు తేటగా ఉన్నాయి, మోటార్లు తిరుగుతున్నాయి. గేటక్క చేతులు తుడుచుకుని తాళం బల్ల మీద పెట్టింది.

"ఇక రాకు అక్కా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నిన్ను చూస్తే చెయ్యి లేస్తోంది. ఇదిగో, ఇప్పుడు కూడా లేస్తోంది."



"నాదీ అంతే తమ్ముడూ" అంది గేటక్క. "రానులే."

సందు మలుపు దాకా వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడు. ముసలామె రొప్పుతూ వచ్చి పక్కన కలిసింది. ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచారు. నిలబడ్డాక ముసలామె గేటక్క ఎడమచెయ్యి పట్టుకుని, మోచేతి కింద ఎముక అతుక్కున్న చోట బొటనవేలితో తడిమి చూసింది.

"నొప్పి ఉందా ఇంకా?"

"చలికి లాగుతుంది."

"వాడికీ అంతేనంట."

బస్సు వచ్చింది. ముసలామె చెయ్యి వదిలి, "ఎక్కు, ఎక్కు, నిలబడి చూస్తావేం!" అని వీపు మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే.